పరుగు రక్తంలోనే ఉన్నదా?



మదనపల్లె నుండి ఒక సోదరుడు పంపిన ప్రశ్నను ఈ నెల చర్చకు స్వీకరించాము. ఆయన కుమార్తె ఏడవ తరగతి చదువుతున్నది. పాఠశాల పరుగు పందాలలో రెండేళ్ళుగా మొదటి స్థానం ఆ అమ్మాయిదే. ఇప్పుడు ఒక శిక్షణ కేంద్రం వారు బాలిక లాలాజలాన్ని జన్యు పరీక్షకు పంపమంటున్నారట. చిన్న పరుగుకు తగినదా, దూరపు పరుగుకు తగినదా, లేక అసలు ఆటలకే తగనిదా అన్నది ఆ నివేదిక తేల్చి చెబుతుందట. "మా ఖాందాన్‌లో ఇంతవరకు ఆటలాడినవారు లేరు హజ్రత్. పరీక్షలో రాదని తేలితే ఇప్పుడే మాన్పించి చదువు మీద పెట్టడం మేలు కాదా? ఇంట్లో పెద్దలు ఎలాగూ మాన్పించమనే అంటున్నారు" అని ఆయన వ్రాశారు.

ఈ చివరి వాక్యమే మమ్మల్ని ఆలోచింపజేసింది. ఆ ఇంటివారు పరీక్ష కోసం ఎదురుచూస్తున్నది అమ్మాయి ప్రతిభను తెలుసుకోవడానికి కాదేమో; ఆమెను ఆపడానికి ఒక కాగితం దొరుకుతుందని కావచ్చు. కనుక జన్యువులు క్రీడాకారుల విషయంలో నిజంగా ఏమి చెప్పగలవో, ఏమి చెప్పలేవో కొంత వివరంగా చూద్దాము. మేము వైద్యులము కాము. మదరసాలో ఫిఖహ్ బోధించేవారము. అయితే ఒక ఆధారం నుండి ఎంతవరకు తీర్పు తీయవచ్చు, ఎక్కడ ఆగిపోవాలి అన్నది మా ప్రతిదిన పాఠమే.

వంశపారంపర్యం అబద్ధమా అంటే కానే కాదు. మన చిత్తూరు సీమవారికి దీనిని ప్రత్యేకంగా బోధించనక్కరలేదు. పుంగనూరు ఆవు మూడడుగుల ఎత్తుకు అటూ ఇటూగా ఆగిపోతుంది. ఎంత దాణా పెట్టినా అది ఒంగోలు ఆవు అంత కాదు. ఒంగోలు దూడను పస్తులుంచినా అది పుంగనూరు ఆవుగా మారదు. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఆ జాతిని కాపాడుతున్నారంటే, ఆ పొట్టితనమూ, పాలలోని వెన్న శాతమూ తరం నుండి తరానికి దిగివస్తాయన్న నమ్మకం మీదనే.

మన గ్రంథాలకూ ఈ విషయం కొత్త కాదు. ఒక ఎడారివాసి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, తన భార్య నల్లని బిడ్డను కన్నదని అనుమానం ధ్వనించేలా చెప్పుకున్న సంఘటన బుఖారీలో ఉల్లేఖించబడింది. ప్రవక్త (స) అతని ఒంటెల గురించి అడిగారు. అవి ఎర్రనివని అతడు చెప్పాడు. వాటిలో బూడిదరంగువి కూడా ఉన్నాయా అని అడిగితే ఉన్నాయన్నాడు. ఎర్రని మందలో అవి ఎలా పుట్టాయని అడిగితే, పూర్వపు రక్తమేదో లాక్కొని వచ్చి ఉంటుందని అతడే జవాబిచ్చాడు. నీ బిడ్డ విషయమూ అంతే కావచ్చునని ప్రవక్త (స) అతనికి తెలియజేశారు. ఈ హదీసును మేము ఏటేటా విద్యార్థులకు చెబుతాము. చెప్పినప్పుడల్లా ఒక సంగతిని వారి దృష్టికి తెస్తాము: ఇక్కడ వంశపారంపర్యపు మాట ఒక స్త్రీ మీద పడబోయిన నిందను తొలగించడానికి ఉపయోగపడింది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. కొంతసేపటికి మళ్ళీ దీని అవసరం పడుతుంది.

ఇక ఆ లాలాజల పరీక్ష చూసేదేమిటి? మన కండరాలలో స్థూలంగా రెండు రకాల పోగులు ఉంటాయి. ఒక రకం వేగంగా బిగుసుకొని త్వరగా అలసిపోతుంది. రెండవది నెమ్మదిగా పనిచేసి ఎక్కువసేపు నిలుస్తుంది. వేగపు పోగులలో ఆల్ఫా ఆక్టినిన్-3 అనే ప్రోటీను ఉంటుంది. దానిని తయారు చేయించే జన్యువుకు ఏసీటీఎన్-3 అని పేరు. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున దాని ప్రతులు రెండు మనకు సంక్రమిస్తాయి. కొందరికి ఆ రెండు ప్రతులలోనూ ఒకే ఒక్క అక్షరం మారి ఉంటుంది. దానితో ప్రోటీను తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. ప్రపంచంలో ఐదారుగురిలో ఒకరు ఇటువంటివారే. దీనివల్ల వారికి ఏ రోగమూ రాదు; తమలో అది లేదన్న సంగతి కూడా వారికి తెలియదు.

2003లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తమ దేశపు మేటి క్రీడాకారులను పరీక్షించారు. సాధారణ ప్రజలలో 18 శాతం మందికి ఈ ప్రోటీను లేదు. వేగమూ బలమూ ప్రధానమైన ఆటల మేటి క్రీడాకారులలో మాత్రం అటువంటివారు 6 శాతమే కనిపించారు. అందులోని స్త్రీలలో ఒక్కరు కూడా లేరు. ఇది నిజమైన ఫలితమే, ముఖ్యమైన ఫలితమే. ఆ తరువాత కొద్దికాలానికే 'వేగపు జన్యువు' పరీక్షలు బజారులోకి వచ్చాయి.

కాని ఆ అంకెలను వెనుక వైపు నుండి కూడా చదవాలి. సాధారణ ప్రజలలో నూటికి 82 మందికి ఆ ప్రోటీను ఉన్నది. మీ వీధిలో నూరుమందికి పరీక్ష చేయిస్తే దాదాపు ఎనభైమందికి వేగపు జన్యువు ఉన్నదనే నివేదిక వస్తుంది. వారిలో కదిలిన బస్సును పరుగెత్తి పట్టుకోగలవారు ఎందరుంటారో మీరే లెక్కవేయండి! మరొక వైపు చూస్తే, స్పెయిన్ దేశపు లాంగ్‌జంప్ క్రీడాకారుడొకరికి ఈ ప్రోటీను బొత్తిగా లేదని 2007లో ప్రచురితమైంది. ఆయన 8.26 మీటర్లు దూకినవాడు, రెండు ఒలింపిక్స్‌లలో పాల్గొన్నవాడు. పన్నెండేళ్ళ వయసులో ఆయన తండ్రికి ఆ నివేదిక చూపించి ఉంటే ఏమయ్యేదో!

ఒక్క జన్యువు చెప్పేది ఇంత స్వల్పం కావడానికి కారణం ఉన్నది. ఎత్తు సంగతి చూడండి. మనిషి ఎత్తులో వంశపారంపర్యం పాలు చాలా ఎక్కువ. 2022లో 54 లక్షల మంది జన్యు సమాచారాన్ని పరిశీలించిన ఒక మహా అధ్యయనం, ఎత్తుతో సంబంధం ఉన్న జన్యు భేదాలు సుమారు 12,000 ఉన్నాయని తేల్చింది. టేపుతో కొలవగలిగిన ఎత్తుకే ఇన్ని ఉంటే, గుండె, ఊపిరి, కండ, కీలు, చూపు, ఓర్పు, ఓడినా మరునాడు మైదానానికి వెళ్ళగల మనసు అన్నీ కలిసిన ఆటకు ఎన్ని ఉంటాయి? ఈ కారణంగానే 2015లో పలు దేశాల నిపుణులు బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఉమ్మడి ప్రకటన వెలువరించారు. ప్రతిభను గుర్తించడానికి గాని, శిక్షణను నిర్ణయించడానికి గాని బజారులోని ఈ పరీక్షలు పనికిరావనీ, పిల్లలకు వీటిని చేయించకూడదనీ అందులో స్పష్టం చేశారు.

ధర్మశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే జన్యు నివేదిక ఒక ఖరీనా, అంటే ఒక సూచన. ఖాజీ ముందు ఒక సూచన వచ్చినంత మాత్రాన ఫైసలా ఇచ్చేయడు. సాక్షులను పిలుస్తాడు, ఎదుటి పక్షం మాట వింటాడు, ఆ సూచనకు వేరే అర్థం ఉన్నదేమో చూస్తాడు. ఏడవ తరగతి అమ్మాయి విషయంలో మాత్రం ఒకే ఒక్క సూచన మీద, ఎదుటి పక్షాన్ని అడగకుండానే తీర్పు చెప్పడానికి మనం సిద్ధపడుతున్నాము.

మా ఖాందాన్‌లో ఎవరూ ఆటలాడలేదు అన్న మాట కూడా ఇటువంటి సూచనే. దానికి అనుకూలంగానూ, ప్రతికూలంగానూ మన తెలుగునాటనే ఉదాహరణలు ఉన్నాయి. పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులే. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టు సభ్యులు. ఐదడుగుల పది అంగుళాల ఎత్తు ఆమెకు ఇంటి నుండే వచ్చిందనడంలో సందేహం లేదు. అయితే ఆ ఇంటి ఆట వాలీబాల్. ఆమె పట్టుకున్నది బ్యాడ్మింటన్ రాకెట్. ఇక విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి తండ్రి కాపలాదారు ఉద్యోగి. ఆ ఇంట మైదానపు వారసత్వం లేదు. బడిలో వ్యాయామోపాధ్యాయులు ఆమె ఎత్తును గమనించి హర్డిల్స్ వైపు నడిపించారు. 2023లోనూ, 2025లోనూ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం ఆమెదే. ఒలింపిక్స్‌లో ఆ పందెం పరుగెత్తిన మొదటి భారత మహిళ కూడా ఆమే.

విజయనగరం జిల్లాలో కొండవెలగాడ అనే గ్రామం ఉన్నది. బరువులెత్తే ఊరుగా దానికి పేరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల విభాగంలో పతకం గెలిచిన మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. పొరుగు జిల్లా శ్రీకాకుళం నుండి వచ్చిన కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ అయ్యారు. ఆమె అక్క కూడా బరువులెత్తినవారే. ఉత్తరాంధ్ర రక్తంలో బలం ఉన్నదని కొందరు అంటారు. ఉండవచ్చును. కాని అక్కాచెల్లెళ్ళకు రక్తం ఒక్కటే ఉమ్మడి కాదు. అదే వ్యాయామశాల, అదే గురువు, తెల్లవారకముందే లేపే అదే తల్లి కూడా ఉమ్మడే. ఊరిలో ఒక ఆడపిల్ల బరువులెత్తి పతకంతో తిరిగి వస్తే, పక్కింటి తల్లి తన పిల్లను పంపడానికి జంకదు. ఈ జంకు లేకపోవడం ఏ జన్యువులోనూ వ్రాసి ఉండదు.

శిక్షణకు శరీరం స్పందించే తీరులో కూడా వంశపారంపర్యం పాలు ఉన్నది. దీనిని దాచడం మాకు ఇష్టం లేదు. కష్టపడితే ఎవరైనా ఏదైనా సాధించవచ్చునని గోడల మీద వ్రాసే మాటలు కూడా పిల్లలకు అన్యాయమే చేస్తాయి. హెరిటేజ్ అనే ప్రసిద్ధ అధ్యయనంలో వందలాది మందికి ఇరవై వారాల పాటు ఒకే విధమైన వ్యాయామం చేయించారు. కొందరి ఊపిరి సామర్థ్యం ఎంతో పెరిగింది, మరికొందరిలో దాదాపు మార్పే లేదు. ఒకే కుటుంబంలోని వారి ఫలితాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. కనుక ఓడిన పిల్లవాడిని 'నీవు కష్టపడలేదు' అని నిందించే ముందు తల్లిదండ్రులు ఆగాలి. అతడు పక్కవాడికన్నా ఎక్కువే కష్టపడి ఉండవచ్చు.

అదే మనిషిలో, అదే రక్తంలో కాలంతో పాటు ఫలితం మారుతుందన్నది మరొక విషయం. హజ్రత్ ఆయిషా (ర) దైవప్రవక్త (స)తో రెండుసార్లు పరుగు పందెం వేసిన సంగతి అబూదావూద్ ఉల్లేఖనంలో ఉన్నది. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలానికి ఒళ్ళు చేసిన తరువాత జరిగిన రెండవ పందెంలో ప్రవక్త (స) గెలిచారు. ఇంటి ఆడవారి పరుగు గురించి తొందరపడి మాట్లాడే పెద్దలకు కూడా ఈ ఉల్లేఖనం పనికివస్తుంది. దుస్తులు, హద్దుల చర్చ వేరు. ప్రశ్న పంపిన సోదరుడు దానిని అడగలేదు, మేమూ ఇక్కడ దానిలోకి పోవడం లేదు.

పన్నెండేళ్ళ వయసులో గెలుపునకు మరొక మామూలు కారణం కూడా ఉంటుంది. ఒకే తరగతిలో ఉన్నా ఒక బిడ్డ మరొక బిడ్డకన్నా పది పదకొండు నెలలు పెద్దది కావచ్చును. ఆ వయసులో అది చాలా పెద్ద తేడా. కెనడా ఐస్ హాకీ ఆటగాళ్ళలో సంవత్సరపు మొదటి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా ఎంపికవుతున్నారని 1980వ దశకంలోనే పరిశోధకులు గమనించారు. మన దగ్గర బడి రిజిస్టరులో పుట్టిన తేదీ ఎలా పడుతుందో అందరికీ తెలుసు. మా తరంలో సగంమంది జూన్ ఒకటినో, జూలై ఒకటినో పుట్టినవారమే! కనుక ఇప్పటి మొదటి స్థానాన్ని చూసి మురిసిపోవడమూ తొందరే, ఇప్పుడు ఐదవ స్థానంలో ఉన్న బిడ్డను పక్కన పెట్టడమూ తొందరే.

శరీరాలు సమానంగా పుట్టవన్న సంగతిని క్రీడా నియమాలు మొదటినుండీ ఒప్పుకొంటూనే ఉన్నాయి. దైవప్రవక్త (స) గుర్రపు పందాలు నిర్వహించినప్పుడు, పందెానికి తయారు చేసిన గుర్రాలకు హఫ్యా నుండి సనియ్యతుల్ వదా వరకు పొడవైన దారినీ, తయారు చేయని వాటికి సనియ్యా నుండి బనూ జురైఖ్ మస్జిదు వరకు చిన్న దారినీ నిర్ణయించారని ఇబ్నె ఉమర్ (ర) ఉల్లేఖించారు. రెండు తరగతులను ఒకే దారిలో పరుగెత్తించలేదు. నేటి బాక్సింగ్‌లో బరువు విభాగాల భావం కూడా ఇదే. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలోనూ, 2023లో న్యూఢిల్లీలో 50 కిలోల విభాగంలోనూ ప్రపంచ విజేత అయింది. ఆమె ఎంత మేటి అయినా 75 కిలోల మహిళ ముందు నిలబెడితే అది పోటీ అనిపించుకోదు.

పురుషులకు, స్త్రీలకు వేర్వేరు పోటీలు ఉండడానికీ కారణం ఇదే. వంద మీటర్ల పరుగులో పురుషుల ప్రపంచ రికార్డు 9.58 సెకన్లు, స్త్రీలది 10.49. ఈ దూరం శిక్షణతో పూడేది కాదు. కనుక స్త్రీల విభాగానికి ఒక తలుపు, ఆ తలుపుకు ఒక కాపలా ఉండక తప్పదు. అయితే ఆ కాపలా ఎలా కాయాలన్న చోట క్రీడాలోకం అరవై ఏళ్ళుగా తడబడుతూనే ఉన్నది. అక్కడ తీర్పు చెప్పేది మళ్ళీ జన్యువే కనుక, ఆడపిల్లలను మైదానానికి పంపదలచిన కుటుంబాలు ఈ సంగతి తెలుసుకొని ఉండాలి.

1966లో బుడాపెస్ట్‌లో జరిగిన ఐరోపా పోటీలలో మహిళా క్రీడాకారులను వైద్యుల బృందం ముందు వివస్త్రలుగా నిలబెట్టి చూశారు. ఆ అవమానం మీద ఆగ్రహం రాగా, 1968 నుండి క్రోమోజోముల పరీక్షలు మొదలుపెట్టారు. 1985లో స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్తినెజ్ పతీన్యోకు పురుషుల క్రోమోజోములు ఉన్నాయని జపాన్‌లోని కోబే నగరంలో తేలింది. ఆమె పుట్టుక, పెంపకం, శరీరం అన్నీ స్త్రీవే. పురుష హార్మోను ఆమె దేహంలో ఉన్నా, దాని మాట వినే శక్తి ఆమె కణాలకు లేదు. అంటే ఆ హార్మోను వల్ల పరుగులో ఆమెకు కలిగిన లాభం ఏమీ లేదు. అయినా పతకాలు పోయాయి, చదువుకు వచ్చే సాయం పోయింది, సంగతి పత్రికలకెక్కింది. మూడేళ్ళు పోరాడి 1988లో ఆమె తిరిగి అర్హత పొందింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 3,387 మంది మహిళలను పరీక్షిస్తే ఎనిమిదిమందికి ఇటువంటి ఫలితం వచ్చింది. విచారించి అందరినీ ఆడనిచ్చారు. సిడ్నీ నాటికి అందరికీ చేసే ఆ పరీక్షను ఎత్తివేశారు.

మనకు ఆనుకొని ఉన్న తమిళనాడు నుండి వచ్చిన శాంతి సౌందరాజన్ గాథ మరింత బాధాకరమైనది. పుదుక్కోట్టై జిల్లా పేద ఇంటి బిడ్డ. 2006 దోహా ఆసియా క్రీడలలో 800 మీటర్ల పరుగులో రెండవ స్థానంలో వచ్చి వెండి పతకం గెలిచింది. తరువాత లింగ నిర్ధారణ పరీక్షలో తప్పిందని పతకం వెనక్కు తీసుకున్నారు. ఆ సంగతిని ఎవరూ ఆమెను కూర్చోబెట్టి చెప్పలేదు. టెలివిజన్ లోకమంతటికీ చెప్పింది. ఆమె బ్రతుకు మీదనే విరక్తి చెందేంత వరకు పోయింది. తరువాత కొన్నేళ్ళకు నిలదొక్కుకొని పిల్లలకు శిక్షకురాలైంది.

ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్ హైదరాబాదులో శిక్షణ పొందిన పరుగు క్రీడాకారిణి. శరీరంలో సహజంగానే పురుష హార్మోను ఎక్కువ ఉన్నదని 2014లో ఆమెను కామన్వెల్త్ క్రీడల నుండి తప్పించారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్ళింది. 2015 జూలైలో ఆ న్యాయస్థానం ఆ నియమాన్నే నిలిపివేసింది; అంత హార్మోను వల్ల ఎంత లాభం కలుగుతుందో నియమం చేసినవారు నిరూపించలేకపోయారు. 2018 ఆసియా క్రీడలలో ఆమె రెండు వెండి పతకాలు గెలిచింది. అదే ద్యుతీ 2023లో నిషిద్ధ మందులు వాడిందన్న కారణంతో నాలుగేళ్ళ నిషేధానికి గురైంది. రెండూ ఆమె కథలోనివే. కాని అల్లాహ్ దేహంలో పెట్టినదీ, బయటి నుండి దేహంలోకి వచ్చినదీ ఒకటి కాదు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవారిని చూస్తే మాకు కష్టంగా ఉంటుంది.

ఇప్పుడు జన్యు పరీక్ష తిరిగి వచ్చింది. క్రోమోజోములలో ఎస్‌ఆర్‌వై అనే జన్యువు ఉన్నదా లేదా అని చెంప లోపలి తుడుపుతోనో, రక్తంతోనో చూస్తారు. ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం 2025 సెప్టెంబరు 1 నుండి ప్రపంచ స్థాయి మహిళా పోటీలకు దీనిని తప్పనిసరి చేసింది. వరల్డ్ బాక్సింగ్ సంస్థ కూడా అదే చేసింది. నిఖత్ పాల్గొన్న 2025 లివర్‌పూల్ ప్రపంచ పోటీలు ఈ నియమం కిందనే జరిగాయి. పతీన్యో వంటి దేహస్థితి ఉన్నవారికి అథ్లెటిక్స్ నియమాలలో మినహాయింపు ఉన్నదని కూడా న్యాయంగా చెప్పాలి. కాని 1990లో ఎస్‌ఆర్‌వై జన్యువును కనుగొన్న శాస్త్రవేత్తలలో ఒకరైన ఆండ్రూ సింక్లెయిర్, ఈ పరీక్ష జన్యువు ఉన్నదని మాత్రమే చెబుతుంది, అది పనిచేస్తున్నదో లేదో చెప్పదు అని బహిరంగంగా ఆక్షేపించారు. సూచనకూ తీర్పుకూ మధ్య ఉన్న దూరమే ఇక్కడా సమస్య.

మదరసాలో హిదాయా చదివినవారికి ఒక విషయం గుర్తుంటుంది. ఆ మహాగ్రంథపు చివరి అధ్యాయం ఖున్సా గురించినది, అంటే పుట్టుకతో దేహ చిహ్నాలు స్పష్టంగా లేని వ్యక్తి గురించినది. నమాజు వరుసలో ఎక్కడ నిలబడాలి, వారసత్వంలో వాటా ఎంత అని ధర్మవేత్తలు ఎంతో శ్రమతో చర్చించారు. చిహ్నాలు ఒకదానికొకటి విరుద్ధంగా ఉన్నప్పుడు జాగ్రత్త వైపు మొగ్గారు. ఆ వ్యక్తి దేహాన్ని పరాయి కళ్ళ నుండి ఎలా కాపాడాలన్నది కూడా ఆలోచించారు. ఆటల తలుపు దగ్గర ఎవరిని లోపలికి పంపాలన్నది క్రీడా సంస్థల పని. దానిపై మేము ఫత్వా ఇవ్వడం లేదు. కాని బయటికి పంపవలసివచ్చిన బిడ్డ సంగతిని వీధిలో చాటడం ఏ ధర్మమూ ఒప్పదు. ఎడారివాసికి ఒంటెల గురించి చెప్పిన ఆ సమాధానంలోని మర్యాదను క్రీడాలోకం నేర్చుకోవలసి ఉన్నది.

తలుపు అంత దూరంలో ఉన్నా, ఈ ప్రమాదం మన ఇంటి గడప దాకా రాగలదు. బజారు పరీక్షకు పంపిన లాలాజలంలో వేగపు జన్యువు ఒక్కటే ఉండదు. అమ్మాయి దేహం గురించి, రాబోయే రోగాల గురించి, ఆమె తమ్ముళ్ళ గురించి, తల్లిదండ్రుల గురించి కూడా అందులో ఉంటుంది. ఆ సమాచారం ఎవరి కంప్యూటరులో, ఎన్నేళ్ళు ఉంటుంది? పెళ్ళి సంబంధాల వేళ ఒక మాట చాలు, పదిళ్ళు తిరిగి పది మాటలవుతుంది. పన్నెండేళ్ళ బిడ్డ తరఫున ఈ తాళాన్ని తెరిచే హక్కు తండ్రికి ఉన్నదా? మా అభిప్రాయంలో లేదు. నిజంగా వైద్య కారణమేదైనా ఉంటే అది వైద్యుడి గదిలో జరగాలి గాని శిక్షణ కేంద్రం బల్ల మీద కాదు. కనుక ఆ పరీక్ష వద్దని, అమ్మాయిని పరుగెత్తనివ్వమని మదనపల్లె సోదరునికి మా జవాబు.

అయితే రక్తపు పరీక్ష ఒకటి మేము చేయించమంటాము. ఫిన్లాండ్ దేశపు స్కీయింగ్ వీరుడు ఈరో మాంటిరంటా 1964 శీతాకాల ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచాడు. ఆయన రక్తం మామూలుకన్నా చాలా చిక్కనిది. హిమోగ్లోబిన్ 20 గ్రాములకు పైనే ఉండేది. మందులు వాడుతున్నాడని అనుమానించినవారూ ఉన్నారు. ఆయన కుటుంబంలో తరతరాలుగా దిగివచ్చిన ఒక జన్యు మార్పు వల్ల ఎర్ర రక్తకణాలు అధికంగా తయారవుతాయని 1993లో శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఒకే జన్యువు అంత స్పష్టంగా లాభం ఇచ్చిన ఉదాహరణ క్రీడాలోకంలో బహు అరుదు.

మన ఇళ్ళలోని అంకె వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ప్రాణవాయువును కండరానికి మోసుకుపోయేది హిమోగ్లోబిన్ కనుక, అది తగ్గిన బిడ్డ రెండవ చుట్టులోనే ఆయాసపడుతుంది. చూసేవారు 'దీనికి పరుగు రాదు, వీళ్ళ వంశంలోనే లేదు' అంటారు. దీనికి లాలాజలం అక్కరలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలి చివర రక్తపు బొట్టు చాలు.

ఆ అంకె 12కు తక్కువగా ఉంటే వైద్యుని సలహాతో మందు వాడాలి, నులిపురుగుల మాత్ర వేయాలి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కడుపులో తిప్పుతుందని పారవేయకుండా, అన్నం తిన్న తరువాత మింగించాలి. భోజనం కాగానే చాయ్ త్రాగే అలవాటు మన ఇళ్ళలో మరీ ఎక్కువ. తిన్న ఆహారంలోని ఇనుమును దేహం పీల్చుకోకుండా చాయ్ అడ్డుపడుతుంది, కనుక గంటసేపైనా ఆగాలి. నిమ్మకాయ పిండుకోవడం మంచిది. మాంసంలోని ఇనుము ఆకుకూరలో దానికన్నా తేలికగా ఒంటబడుతుంది. మాంసం వండుకునే ఇళ్ళే మనవి. అయినా దస్తర్‌ఖాన్ మీద కలేజీ ముక్కలు ముందు ఎవరి పళ్ళెంలో పడుతున్నాయో తల్లులు ఒకసారి గమనించాలి. మూడు నెలలు ఇలా చూసుకున్న తరువాత మళ్ళీ అదే ఆరోగ్య కేంద్రంలో అదే పరీక్ష చేయించి, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చును.